లైటు వేస్తే ఎగిరే ముల్లు: సుంకి ఘాట్ బండిలో ఒక టెంపరేచర్ గేజి కేసు

బండి: 2014 నాటి ఏడు సీట్ల డీజిల్, కంప్యూటర్ లెక్కతో డీజిల్ కొట్టే కామన్ రైల్ ఇంజిను, ఒడిశా ఓడీ-10 నంబరు. ట్యాక్సీగా తిరుగుతుంది. విశాఖ, సాలూరు వైపు నుంచి టూరిస్టులను ఎక్కించుకుని, ఒడిశాలోకి ఎక్కే కొండ రోడ్డు సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్, దేవమాలి కొండ చూపించి మళ్లీ దించడం దాని పని.

ఫిర్యాదు: బయట కొని పెట్టించుకున్న టెంపరేచర్ గేజి ముల్లు హెడ్‌లైట్లు వేయగానే పైకి ఎగురుతోంది. పార్కు లైట్ల ఫ్యూజు ఉండుండి పోతోంది. ఒక్కోసారి లైటు వేయకుండానే డ్యాష్‌బోర్డు మసగ్గా వెలుగుతోంది. గేజి పాడైందనుకుని కొత్తది కొని మార్చారు, తేడా రాలేదు.

నేను కొరాపుట్ దారిలో సిమిలిగుడలో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఘాట్ ఎక్కి వచ్చిన బండి మొదట ఆగేది మా ఊళ్లోనే కాబట్టి వేడి గొడవలు, మీటర్ల గొడవలు మాకు ఎక్కువ. ఈ కేసు మొత్తం రాయడానికి కారణం ఉంది. ఇందులో రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురుగా పనిచేశాయి. ఒకటి ముల్లును పైకి నెడితే, ఇంకొకటి కిందికి లాగింది. రెండూ కలిసినప్పుడు గేజి దాదాపు సరైన అంకె చూపించింది. ఒక్క తప్పు మాత్రమే సరిచేసి పంపేసి ఉంటే, ఆ బండి రాత్రిపూట ఘాట్‌లో మరుగుతున్నా ముల్లు చల్లగానే ఉందని చెప్పేది.

గేజి ఎందుకు పెట్టించుకున్నాడంటే

సాలూరు మైదానంలో ఉంటుంది, కొరాపుట్ 800 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంటుంది. మధ్యలో సుంకి ఘాట్. ఎండాకాలంలో ఏడుగురు మనుషులు, పైన సామాను, ఏసీ వేసి రెండో గేరులో ఎక్కితే ఏ ఇంజినుకైనా పరీక్షే. కంపెనీ మీటరు అక్కడ పెద్దగా సాయం చేయదు. ఈ తరం బండ్లలో చాలావాటికి కంపెనీ ముల్లు నడుమ నిలబడేలా ప్రోగ్రాం చేసి ఉంటుంది. నీళ్లు 80 దాటిన దగ్గర్నుంచి 105 దాకా ముల్లు కదలదు. కదిలిందంటే అప్పటికే ఆలస్యమైపోయింది. అందుకే ఘాట్ డ్రైవర్లు అంకె చూపించే గేజి కావాలంటారు. అది సరైన కోరికే, నేను ఎవరినీ వద్దనను.

ఓనరుది సాలూరు పక్క ఊరు, ఇల్లు సునాబెడలో. బండి అతనూ అతని తమ్ముడూ మార్చి మార్చి నడుపుతారు. గేజి బిగించింది మైదానంలో ఒక యాక్సెసరీస్ షాపు. బండి దించుతూనే అతను అన్న మాట ఇది:

“మేస్త్రీ గారూ, లైటేస్తే ఇంజిను వేడెక్కిపోతందండి. ఆపేస్తే చల్లారిపోతంది. ఫ్యాను తిరిగిందంటే ఠక్కున దిగిపోతంది. ఫ్యాను మటుకు బలే గట్టిదండి.”

“బావూ, నీళ్లకీ లైట్లకీ సంబంధమేటుంది? ఠక్కున దిగిందంటే అది వేడి కాదు, కరెంటు” అన్నాను.

నా లెక్కలో ఈ కేసుకు తాళంచెవి అదే. ఇంజినులో, రేడియేటర్‌లో కలిపి చాలా లీటర్ల కూలెంట్ (ఇంజినును చల్లబరిచే నీళ్లు) తిరుగుతుంది. పక్కన అంత బరువు ఇనుము, అల్యూమినియం ఉంటాయి. అదంతా కలిసి రెప్పపాటులో ఏడెనిమిది డిగ్రీలు పెరగదు, తగ్గదు. నిజమైన వేడి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. స్విచ్ నొక్కిన క్షణంలో ముల్లు కదిలిందంటే రేడియేటర్ విప్పే పని లేదు, వైరు వెతకాలి.

ఏమీ విప్పకుండా చూసినవి

మొదట ఇంజిను బాగా వేడెక్కనిచ్చి స్కానర్ తగిలించాను. ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటర్) తన సొంత సెన్సర్‌తో చెబుతున్న కూలెంట్ వేడి 88. థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే దానికి దగ్గరగానే ఉంది. మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొడితే ఆ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది, టేపు అందుకే. అసలు వేడి 88 అని తేలాక ఒక్కో స్విచ్ వేస్తూ గేజి చూశాను.

అన్నీ ఆపి ఉంచితే గేజి 93 చూపించింది. హెడ్‌లైట్లు వేస్తే 100. లైట్లు ఆపి ఏసీ వేస్తే ఫ్యాను తిరిగింది, ముల్లు 86కి పడింది. లైట్లూ ఫ్యానూ రెండూ నడిస్తే 90. స్కానర్‌లో మాత్రం ఈ నాలుగు సార్లూ 88 దగ్గరే ఉంది.

ఆ నాలుగో అంకె దగ్గర నేను కాసేపు ఆగాను. అన్నీ వేసి చూసినవాడికి గేజి బాగానే ఉందనిపిస్తుంది. బిగించిన చోట బండి అప్పగించేటప్పుడు ఏసీ నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉంటే, ‘అంతా కరెక్టే’ అనడంలో ఆశ్చర్యం లేదు.

ముందుకు వెళ్లే ముందు ఈ రకం గేజి ఎలా చదువుతుందో చెప్పాలి. సెన్సర్ అంటే వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డం, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గే చిన్న ముక్క. ఈ గేజితో వచ్చింది వీడీఓ కంపెనీ 120 డిగ్రీల సెన్సర్ల వరసలో నడిచేది: 40 డిగ్రీల దగ్గర 287 ఓమ్‌ల చుట్టుపక్కల, 90 దగ్గర 51, 120 దగ్గర 23కి కాస్త తక్కువ. గేజి లోపలి నుంచి కొంచెం కరెంటు సెన్సర్ వైరు గుండా వెళ్లి, సెన్సర్ దాటి ఎర్త్‌లోకి, అంటే బండి ఒంటి ఇనుము గుండా బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి చేరే దారిలోకి, పోతుంది. ఆ వైరు మీద ఎంత వోల్టేజి నిలిచిందో చూసి గేజి వేడి లెక్క కడుతుంది. వోల్టేజి తక్కువైతే వేడి ఎక్కువని అర్థం.

ఇక్కడే అసలు మెలిక. గేజి ఆ వోల్టేజిని కొలిచేది తన నల్ల వైరు నుంచి. సెన్సర్ నిలబడేది తన ఎర్త్ మీద. ఈ రెండు ఎర్త్‌లూ ఒకే మట్టంలో ఉంటేనే అంకె నిజం. గేజి ఎర్త్ పైకి లేస్తే గేజికి సెన్సర్ వోల్టేజి తక్కువగా కనబడుతుంది, ముల్లు వేడి వైపు పోతుంది. సెన్సర్ ఎర్త్ పైకి లేస్తే వోల్టేజి ఎక్కువగా కనబడుతుంది, ముల్లు చల్లని వైపు పోతుంది. అంటే ముల్లు ఏ దిక్కుకు అబద్ధమాడుతోందో చూస్తే ఏ చివర ఎర్త్ పాడైందో బండి విప్పకుండానే తెలుస్తుంది. ఈ ఒక్క విషయం చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఈ బండిలో లైట్లు వేస్తే ముల్లు పైకి పోయింది, ఫ్యాను తిరిగితే కిందికి పోయింది. రెండు దిక్కులూ ఉన్నాయంటే రెండు చివరలూ చూడాలి.

గేజిని పక్కకు తప్పించడం

గేజి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న మొదట్లోనే తెగిపోవాలి. లేదంటే ఓనరు మూడో గేజి కొంటాడు. గేజి వెనక సెన్సర్ వైరు పీకేసి, ఆ పిన్నుకూ గేజి నల్ల పిన్నుకూ మధ్య ఒక 47 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. సెన్సర్ వరస ప్రకారం గేజి 93 దరిదాపుల్లో చూపించాలి, చూపించింది. లైట్లు వేశాను, కదల్లేదు. ఫ్యాను తిప్పాను, కదల్లేదు. హారన్ కొట్టినా కదల్లేదు. గేజిలో ఏ లోపమూ లేదు. రెసిస్టర్ రెండు చివరలూ గేజి వెనకే ఉన్నాయి కాబట్టి బండి ఎర్త్ ఎంత ఊగినా గేజి దాన్ని చూడదు. ఐదు రూపాయల ముక్కతో ఐదు నిమిషాల్లో తేలే సంగతి ఇది. దీనికి ముందే వేల రూపాయల గేజి మార్చేయడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు ఘాట్‌లో రాత్రింబవళ్లు తిరిగి సంపాదించింది.

తర్వాత సెన్సర్. వైరు తీసి, సెన్సర్ పిన్ను నుంచి దాని అడాప్టర్ ఒంటికి కొలిస్తే 88 డిగ్రీల దగ్గర ఉండాల్సిన 54 ఓమ్‌లు ఉన్నాయి. సెన్సర్ కూడా మంచిదే. ఇక మిగిలింది వైరింగ్.

మొదటి తప్పు: డ్యాష్‌బోర్డు కింద స్క్రూ

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల చిన్న రేంజిలో పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద ఉంచాను. క్లాంపు మీద కాదు, పోస్టు మీదే. ఎర్ర ప్రోబు గేజి నల్ల పిన్ను మీద. ఇంజిను నడుస్తోంది, లైట్లు ఆపి ఉన్నాయి: 0.14 వోల్టులు. లైట్లు వేస్తే 0.46. గేజి లాంటి వస్తువుకు 0.1 కూడా దాటకూడదు.

హెడ్‌లైట్ల కరెంటు ఈ నల్ల వైరులో పోదు కదా, మరి ఎందుకు ఎగిరింది? హెడ్‌లైట్లు వేయాలంటే ముందు పార్కు మెట్టు దాటాలి. పార్కు వైరు గేజి లోపలి బల్బుకు కూడా వెళ్తోంది. ఆ బల్బు తాగేది ఆంపియర్‌లో పదో వంతు. అంత చిన్న కరెంటుకే 0.3 వోల్టు పెరిగిందంటే, దారిలో ఎక్కడో మూడు ఓమ్‌ల పైన అడ్డం ఉంది. అనుమానం తీర్చుకోవడానికి లైట్లు వేసి ఉంచి గేజి బల్బు వైరు మాత్రం పీకాను. నల్ల పిన్ను మళ్లీ 0.14కి దిగింది.

వైరు పట్టుకుని వెళ్తే స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డును మోసే రేకు బ్రాకెట్‌కు చేరింది. అక్కడ ఒక సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ. పెయింటు గీకలేదు. లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు రింగు) లేదు, వైరు తీగలు చుట్టి స్క్రూ కింద నొక్కేశారు. స్క్రూ విప్పితే నాలుగైదు తీగలు మాత్రమే మెరుస్తున్నాయి, మిగతావి నల్లబడ్డాయి. పైగా ఆ బ్రాకెట్ బండి బాడీకి ప్లాస్టిక్ క్లిప్పులతో పట్టి ఉంది, ఒక్క చోట మాత్రం ఇనుముకు ఇనుము తగులుతోంది. గోతుల రోడ్డులో ఆ తాకిడి కూడా వదులై, ఒక్కోసారి ఎర్త్ పూర్తిగా పోయేది. అప్పుడు గేజికి ఇగ్నిషన్ నుంచి వచ్చిన కరెంటు ఇంకో దారి వెతుక్కునేది: గేజి లోపలి బల్బు గుండా వెనక్కి పార్కు వైరులోకి, అక్కడి నుంచి పార్కు బల్బుల గుండా ఎర్త్‌కి. లైటు వేయకుండా డ్యాష్‌బోర్డు మసగ్గా వెలగడం దీనివల్లే. స్క్రూ పూర్తిగా విప్పి పట్టుకుని ఓనరుకు చూపించాను. ఇగ్నిషన్ ఆన్, లైట్లు ఆఫ్, డ్యాష్‌బోర్డులో సన్నగా వెలుగు. ఆ లక్షణం ఏ బండిలో కనబడినా ముందు గేజి ఎర్త్ చూడండి.

అంతకుముందు ఇంకో చోట ఈ ఎర్త్‌ను పరీక్ష చేశారట, మల్టీమీటర్ ‘బీప్’ మనిందట. బీప్ నమ్మదగింది కాదు. చాలా మీటర్లు 30, 40 ఓమ్‌ల లోపు ఏది ఉన్నా బీప్ అంటాయి. మూడు ఓమ్‌ల చెడ్డ జాయింటూ బీపే, సున్నా ఓమ్‌ల మంచి జాయింటూ బీపే. టెస్ట్ ల్యాంపు సంగతీ అంతే, ఎర్త్‌లో మూడు ఓమ్‌లున్నా చిన్న బల్బు వెలుగుతుంది. ఎర్త్‌ను కరెంటు పారుతుండగా, వోల్టుల్లో కొలవాలి.

నల్ల వైరుకు రింగు లగ్గు క్రింపు చేసి, ఎడమ కాళ్ల దగ్గర ప్యానెల్ వెనక కంపెనీ ఇచ్చిన ఎర్త్ స్టడ్‌కు తీసుకెళ్లాను. స్టడ్ కూడా కొలిచాకే నమ్మాను. లగ్గు కింద మెరిసేదాకా రుద్ది, స్టార్ వాచరు వేసి బిగించి, ఆ తర్వాత పెట్రోలియం జెల్లీ పూశాను. జెల్లీ బిగింపు అయ్యాకే, పైన. మళ్లీ కొలిస్తే లైట్లు వేసినా 0.02.

రెండో తప్పు, అసలు ప్రమాదం

చాలామంది ఇక్కడ బండి ఇచ్చేస్తారు. అన్నీ ఆపి ఉంచితే గేజి 88, స్కానర్ 88. ఓనరు మొహం వెలిగింది. లైట్లు వేశాను. ముల్లు ఠక్కున 82కి పడింది. దానికి తోడు ఫ్యాను తిరిగితే 77.

“ఇదేటండీ, ఇందాక ఎగిరింది, ఇప్పుడు పడిపోతంది?” అన్నాడు.

ఇందాక కూడా పడుతూనే ఉంది. పైకి నెట్టేది బలంగా ఉండి అది కనబడలేదు, అంతే. ఇప్పుడు ముల్లు చల్లని వైపు పోతోందంటే సెన్సర్ చివర ఎర్త్ లేస్తోందన్నమాట.

సెన్సర్‌ను ఇంజిను బ్లాకులో పెట్టలేదు. రేడియేటర్ పై హోస్ పైపును కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి, దానిలో సెన్సర్ బిగించారు. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు, బ్లాకులో కొత్త రంధ్రం చేయడం కంటే మేలు. కానీ అటూ ఇటూ రబ్బరు పైపే కాబట్టి అడాప్టర్‌కు తనంతట ఎర్త్ రాదు. ఒక వైరు విడిగా ఇవ్వాలి. ఇచ్చారు. ఎక్కడ ఇచ్చారన్నదే గొడవ.

రేడియేటర్ పక్క రేకుకు ఒక బోల్టు ఉంది. కంపెనీ హెడ్‌లైట్ల ఎర్తూ, ఫ్యాను ఎర్తూ అక్కడికే తెచ్చింది. చేతికి అందే బోల్టు కాబట్టి అడాప్టర్ వైరు కూడా అక్కడే పెట్టారు. పెట్టడంలో వరస చూడండి: బోల్టు విప్పి, పాత లగ్గులు తీసి, సన్నటి కొత్త లగ్గును అడుగున రేకు మీద పెట్టి, దాని మీద కంపెనీ లగ్గులు వేసి బిగించారు. అంటే ఫ్యాను కరెంటూ, హెడ్‌లైట్ల కరెంటూ ఆ పలచని లగ్గు గుండానే బాడీలోకి దిగాలి. మా దగ్గర వానాకాలం సామాన్యంగా ఉండదు, ముందు గ్రిల్లు నుంచి నీళ్లూ ఎర్రమట్టీ నేరుగా కొట్టే చోటది. విప్పి చూస్తే లగ్గు అడుగున ఎర్రటి పొర, మధ్యలో ఒక పక్క మాత్రం వేడికి నీలంగా మారిన మచ్చ.

విప్పకముందే కొలిచిన అంకెలు ఇవి. బ్యాటరీ నెగెటివ్ నుంచి అడాప్టర్ ఒంటికి: అన్నీ ఆపి ఉంటే 0.01 వోల్టు, హెడ్‌లైట్లు వేస్తే 0.18, ఫ్యాను ఒక్కటే తిరిగితే 0.20, రెండూ అయితే 0.38. 55 వాట్ల లో-బీమ్ బల్బులు రెండు కలిపి తొమ్మిది పది ఆంపియర్లు తాగుతాయి. 0.18ని దానితో భాగిస్తే జాయింటులో అడ్డం ఓమ్‌లో యాభయ్యో వంతు మాత్రమే. అంత చిన్నది మామూలు మల్టీమీటర్ ఓమ్ రేంజిలో పట్టుబడదు. హెడ్‌లైట్లు కొంచెం తగ్గినట్టు కూడా ఎవరికీ అనిపించదు. కానీ లైట్లూ ఫ్యానూ కలిసి నడిస్తే గేజికి అది పదకొండు డిగ్రీలు.

ఇది ఎంత ప్రమాదమో లెక్క వేసి ఓనరుకు చూపించాను. వేడి పెరిగేకొద్దీ సెన్సర్ ఓమ్‌లు తగ్గుతాయి కాబట్టి అదే 0.38 వోల్టు పై వేడిలో ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. నీళ్లు నిజంగా 110 ఉన్నప్పుడు, రాత్రి లైట్లు వేసి, ఫ్యాను తిరుగుతూ ఉంటే, ఆ గేజి 91 దగ్గర నిలబడేది. ఘాట్‌లో ఫ్యాను తిరగని క్షణం ఉండదు, రాత్రి లైట్లు లేకుండా వెళ్లేవాడు ఉండడు. అంటే గేజి అవసరమైన సమయంలోనే అబద్ధం చెబుతుంది, అదీ ధైర్యం ఇచ్చే అబద్ధం. పైకి ఎగిరే ముల్లు డ్రైవర్‌ను అనవసరంగా ఆపుతుంది, అంతకంటే నష్టం లేదు. కిందికి పడే ముల్లు హెడ్ గ్యాస్కెట్ తీసేస్తుంది.

బోల్టు దగ్గర రేకును తెల్లగా రుద్ది, కంపెనీ లగ్గులను రేకు మీదికే తెచ్చి బిగించాను. పలచని లగ్గు తీసేశాను. అడాప్టర్ వైరును అక్కడ మళ్లీ కలపలేదు. విడిగా ఒక చదరపు మిల్లీమీటర్ వైరు లాగి, ఫైర్‌వాల్ (ఇంజినుకూ డ్రైవర్‌కూ మధ్య రేకు గోడ) రబ్బరు గ్రోమెట్ గుండా లోపలికి తెచ్చి, గేజి నల్ల వైరు బిగించిన అదే స్టడ్ మీద పెట్టాను. రెండు ఎర్త్‌లూ ఒకే చోట ఉంటే, రేపు ఆ స్టడ్ కొంచెం లేచినా రెండూ కలిసే లేస్తాయి, అంకె చెదరదు.

ఒక జాగ్రత్త. ఇలా సెన్సర్ ఎర్త్‌ను లోపలికి తేవడం అడాప్టర్ రబ్బరు పైపుల మధ్య ఉన్నప్పుడే. సెన్సర్ ఇంజిను బ్లాకులోనే బిగించి ఉంటే ఇంజిను నుంచి గేజికి సన్నటి ఎర్త్ వైరు లాగకండి. ఎప్పుడైనా ఇంజిను పెద్ద ఎర్త్ పట్టీ తెగితే, సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు ఆ సన్నటి వైరులోనే దారి వెతుక్కుంటాయి, వైరు కాలిపోతుంది. అలాంటి బండిలో ఇంజినుకు, బాడీకి మధ్య ఉన్న పట్టీనే బాగుచేసుకోవాలి. సెల్ఫ్ తిరుగుతుండగా ఇంజిను ఒంటి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి 0.2, 0.3 వోల్టు దాటితే పట్టీ చూడాలి.

మళ్లీ నాలుగు రకాలుగా స్విచ్‌లు వేసి చూశాను. గేజి 88, 88, 89, 88.

ఫ్యూజు, తమ్ముడు, స్టీరింగ్

ఫ్యూజు గొడవ వేరు. లైట్లు వేసి గంట సేపు ఉంచినా పోలేదు. “ఎప్పుడు పోతది?” అంటే “నాకెప్పుడూ పోదండి, తమ్ముడు తోలినప్పుడే పోతది” అన్నాడు. అన్న పొడుగు, తమ్ముడు పొట్టి. తమ్ముడు ఎక్కగానే స్టీరింగ్ టిల్టు కిందికి దించుకుంటాడు. నేనూ దించాను. ఠప్పున పోయింది.

గేజి బల్బు కోసం పార్కు వైరుకు టీ-ట్యాప్ (వైరు తెంపకుండా పైనుంచి కొరికి కొత్త వైరు కలిపే) క్లిప్పు వేశారు. ఆ క్లిప్పు స్టీరింగ్ కాలమ్‌కు దగ్గరగా వేలాడుతోంది. టిల్టు దించినప్పుడల్లా కాలమ్ బ్రాకెట్ అంచు దాన్ని నొక్కి, పైనున్న ప్లాస్టిక్ కోసేసి, రాగి ఇనుముకు తగిలింది. దీనికంటే నన్ను కంగారు పెట్టింది ఫ్యూజు బాక్సు. 10 ఆంపియర్లు ఉండాల్సిన చోట 30 ఉంది. దారిలో ఎవరో పెట్టి పంపారట, “ఇక పోదు” అని. నిజమే, 30ది ఇలా నేరుగా తగిలితే తప్ప పోదు, ఆలోపు వైరు పోతుంది. పార్కు వైరు పైపొర అడుగు దూరం గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉంది. ఏడుగురిని కూర్చోబెట్టుకుని డ్యాష్‌బోర్డు వెనక పొగ వచ్చేదాకా ఎందుకు రానివ్వాలి? ఫ్యూజు పోవడం జబ్బు కాదు. ఎక్కడో వైరు తగులుతోందని అది చెబుతోంది, అది చెప్పింది వినాలి.

కాలిన ముక్క కోసి కొత్త వైరు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేశాను. టీ-ట్యాప్ తీసేశాను. గేజి బల్బుకూ, ఇగ్నిషన్ ఎర్ర వైరుకూ చెరొక ఇన్‌లైన్ ఫ్యూజు, 3 ఆంపియర్లది. ఎర్ర వైరు అంతకుముందు ఇగ్నిషన్ స్విచ్ లావు వైరుకు ఫ్యూజు లేకుండానే తగిలించి ఉంది. వైర్లన్నీ గుడ్డ టేపు చుట్టి, కదలని వైపుకు కట్టి, టిల్టు పైనుంచి కిందిదాకా లాగి చూశాను. 10 ఆంపియర్ల ఫ్యూజు తిరిగి పెట్టాను.

కంపెనీ సెన్సర్ జోలికి వెళ్లకండి

ఈ బండిలో ఒక మంచి పని జరిగింది. గేజికి దాని సొంత సెన్సరే పెట్టారు. ఖర్చు, శ్రమ తగ్గుతాయని కంపెనీ కూలెంట్ సెన్సర్ వైరుకే గేజి తగిలించిన బండ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి. కామన్ రైల్ బండిలో అది చేయకూడని పని. ఈసీయూ ఆ సెన్సర్‌కు 5 వోల్టులు ఒక రెసిస్టర్ గుండా ఇచ్చి, మిగిలిన వోల్టేజి చూసి వేడి తెలుసుకుంటుంది. దానికి ఇంకో గేజి అంటిస్తే ఆ వోల్టేజి మారిపోతుంది. గేజి 12 వోల్టుల నుంచి కరెంటు తోస్తే వోల్టేజి పెరిగి, ఇంజిను చల్లగా ఉందని ఈసీయూ అనుకుంటుంది. ఐడిల్ పెరుగుతుంది, డీజిల్ లెక్క మారుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్యాను తిరగాల్సిన సమయానికి తిరగదు. బాగా పెరిగితే పి0118 కోడ్ వేసి చెక్ ల్యాంపు వెలిగిస్తుంది. కోడ్ పడనంత కొంచెం పెరిగినప్పుడే ఎక్కువ నష్టం. వేడి చూసుకోవడానికి పెట్టిన గేజి ఫ్యానునే ఆపేస్తుంది.

గేజి నిజం చెప్పాక బయటపడింది

ఓనరు పగటి పూట సాలూరు దిగి, మనుషులతో మళ్లీ ఎక్కాడు. పైనుంచి ఫోన్ చేసి “మేస్త్రీ గారూ, 104 దాకా పోయిందండి, మళ్లీ పాడైందా?” అన్నాడు. ఎలా పోయిందని అడిగాను. మలుపు మలుపుకీ ఒక్కో డిగ్రీ ఎక్కిందట, పొట్టంగి వైపు రోడ్డు చదునయ్యాక నెమ్మదిగా దిగిందట. లైట్లు వేసి చూడమన్నాను, కదల్లేదు. అయితే అది వేడే.

బండి తెచ్చాక ముందు బంపరు విప్పి చూస్తే, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఎర్రమట్టి, పురుగులు, ఎండుగడ్డి పొరలా పేరుకుని ఉన్నాయి. బయటి నుంచి చూస్తే గ్రిల్లు శుభ్రంగానే కనబడుతుంది, గాలి మాత్రం సగమే పోతోంది. వెనక నుంచి ముందుకు, రెక్కలు వంగకుండా తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడిగించాను. రేడియేటర్ మూత రబ్బరు వాచరు కూడా గట్టిపడి ఉంది, అదీ మార్చాం. మూత ఒత్తిడి పట్టి ఉంచితే 110 దగ్గర కూడా కూలెంట్ మరగదు. పట్టకపోతే మా ఎత్తులో వట్టి నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. తర్వాతి ఎక్కుడులో అదే బరువుతో, ఏసీతో, 98 దాటలేదు. గేజి పాత పద్ధతిలోనే ఉండి ఉంటే ఆ మట్టిపొర ఎవరికీ తెలిసేది కాదు. ఫ్యాను తిరగ్గానే ముల్లు పడిపోయేది, ‘ఫ్యాను గట్టిది’ అనుకుంటూ ఎక్కేసేవారు.

వానలు వెనకపట్టాక బండిని మళ్లీ రప్పించి అవే రెండు చోట్ల కొలిచాను. లైట్లూ ఫ్యానూ నడుస్తుండగా గేజి నల్ల పిన్ను దగ్గర 0.02, అడాప్టర్ దగ్గర 0.03. రేడియేటర్ పక్క బోల్టు మీద కొద్దిగా తుప్పు పొడి కనబడింది, బ్రష్ చేసి బిగించి జెల్లీ పూశాను. ఆ బోల్టు ఏటా ఒకసారి చూడమని చెప్పాను. మొదట పాడైందని తీసి పడేసిన గేజిని కూడా వెంట తెమ్మన్నాను. రెసిస్టర్ పెట్టి చూస్తే అది కూడా నిక్షేపంగా ఉంది. తమ్ముడు ఇప్పుడు సొంతంగా ఒక పాత జీపు కొన్నాడు, దాన్ని అందులో పెడుతున్నాం. ఈసారి సెన్సర్ బ్లాకులోనే వస్తుంది కాబట్టి ముందు ఇంజిను ఎర్త్ పట్టీ కొత్తది వేస్తున్నాను, గేజి తర్వాత.